కర్ణం కొలత

నేరం తనంతట తానే ఒప్పుకున్నవాడికి శిక్ష తగ్గుతుందంటారు. అందుకని ముందే ఒప్పేసుకుంటున్నాను. మా హాల్లో గోడకి వేలాడుతున్న 65 అంగుళాల టీవీని బొమ్మ బాగుంటుందని కొనలేదు, గొంతు బాగుంటుందని అసలే కొనలేదు. మా తోడల్లుడిది 55 అంగుళాలు. అందుకని కొన్నాను.

2025 మే నెలలో హైదరాబాదులో వాళ్ల గృహప్రవేశం. వ్రతం అయింది, ప్రసాదం చేతిలో పెట్టారు. అది నోట్లో వేసుకునేలోపే మా తోడల్లుడు నా మోచెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయాడు. ‘‘ఫిఫ్టీ ఫైవ్, అన్నయ్యా!’’ అన్నాడు, కొడుక్కి అమెరికా వీసా స్టాంపు పడినంత సంబరంగా. ‘‘మీది ఎంత?’’

మాది 32. ఆ అంకె గొంతుదాకా వచ్చి వెనక్కిపోయింది. ‘‘మేం టీవీ పెద్దగా చూడంలే’’ అన్నాను, ఉపనిషత్తులు తప్ప మరోటి ముట్టనివాడిలా మొహం పెట్టి.

విజయవాడ తిరుగు రైల్లో మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ, ‘‘పెద్దగా చూడం అన్నారుగా, అక్షరాలా నిజం. ముప్ఫై రెండులో చిన్నగానే చూస్తాం’’ అంది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. మార్కులు కోసేసేటప్పుడు కూడా గొంతు పెంచదు.

ఆ రాత్రి మొదలైంది నా పరిశోధన. మూడు నెలలు చదివాను. ఆ చదువు డిగ్రీలో చదివుంటే ఈపాటికి ఏ యూనివర్సిటీలోనో రిటైర్మెంటుకి దగ్గర పడుండేవాణ్ణి. ఎల్ఈడీ టీవీ అని మనం పిలిచేది నిజానికి ఎల్‌సీడీ తెరేననీ, వెనకాల వెలిగే దీపాలు మాత్రమే ఎల్ఈడీలనీ తెలుసుకుని, ఆ రహస్యం పాలు పోసే అబ్బాయికి కూడా చెప్పాను. అందులోనే సన్నటి క్వాంటమ్ డాట్ల పొర వేస్తే క్యూఎల్ఈడీ అనీ, ఏ చుక్కకా చుక్క తనంతట తానే వెలిగి తనంతట తానే ఆరిపోతే ఓఎల్ఈడీ అనీ, అందుకే దాంట్లో నలుపు కాటుకలా ఉంటుందనీ ఆఫీసులో క్యాంటీన్ దగ్గర ఉపన్యాసాలిచ్చాను. 4కే తెరలో 3840 అడ్డం, 2160 నిలువు, వెరసి 83 లక్షల చుక్కలు. మా విజయవాడ జనాభాకి ఎన్నో రెట్లు. అంతమంది కలిసి నాకోసం వెలుగుతారంటే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అసలు కొలవాల్సింది నా ఛాతీనే అని అప్పుడు తట్టలేదు.

మా అమ్మ ఇదంతా విని, ‘‘మేష్టారింట్లో టీవీ ఎంతుండేదిరా?’’ అంది.

అమ్మ అడిగింది 1987 సంగతి. మంగళగిరిలో మా వీధి మొత్తానికి ఒక్కటే టీవీ. హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్లు తయారుచేసిన ఈసీ టీవీ, బ్లాక్ అండ్ వైట్. దానికి రెండువైపుల నుంచీ జరిగే చెక్క తలుపులు, వాటికో తాళం. తాళంచెవి మేష్టారి జంధ్యానికి వేలాడేది. రంగుల టీవీ అనిపించుకోవడానికి తెర ముందు నీలం ప్లాస్టిక్ రేకు ఒకటి. ఆదివారం పొద్దున రామాయణం వేళకి ఆ గదిలో అరవైమంది కూర్చునేవాళ్లం, కిటికీ ఊచల్ని పట్టుకున్నవాళ్లు కాక. డాబా మీద మేష్టారబ్బాయి యాంటెనా విజయవాడ వైపు తిప్పుతూ ‘‘వచ్చిందా?’’ అని అరిచేవాడు. ‘‘వచ్చింది... వచ్చింది... పోయింది!’’ అని వీధంతా బదులిచ్చేది. ఆ టీవీ 20 అంగుళాలు ఉంటుందేమో. ఎవరూ కొలవలేదు. ఇప్పుడు కొలిస్తే మనిషికి అంగుళంలో మూడోవంతు వచ్చింది. మా ఇంట్లో నలుగురం. 65 తెస్తే మనిషికి పదహారుంపావు. ఈ లెక్క మా ఆవిడ వేసిందే. వేసి, ‘‘అంత అవసరమా?’’ అని ఒక్క మాట మాత్రం అంది.

జూన్ చివరికి సిద్ధాంతం సగం పైనే పూర్తయి, ప్రయోగానికి వేళయింది. కొనబోయే టీవీ గోడ మీద ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ సైజు కాగితం అంటించి చూసుకోమని ఎక్కడో చదివాను. పాత దినపత్రికలు ముందేసుకుని, టేపుతో 65 అంగుళాలు కొలిచి, గోడకి సెల్లోటేపుతో అంటించాను. ఫ్యాను వేయగానే టీవీ ఎగిరి సోఫా వెనక పడింది. ఇలాంటివి చూస్తే మా అమ్మకి చేతులు ఊరుకోవు. గిన్నెలో మైదా వేసి, నీళ్లు పోసి, ఉండ కట్టకుండా గరిటెతో తిప్పుతూ సన్నసెగ మీద ఉడికించి, చిటికెడు మైలుతుత్తం లేదే అని నొచ్చుకుని, పొగలు కక్కుతున్న జిగురు తెచ్చిచ్చింది. ‘‘సినిమా పోస్టర్లు దీంతోనే అంటించేవాళ్లు. ఆవులు నాకితే తప్ప ఊడదు’’ అంది. మా నాలుగో అంతస్తుకి ఆవులు రావు. దాని ఫలితం తర్వాత తెలిసింది.

ఆ కాగితం టీవీ మా ఇంట్లో ఆరు వారాలు ఆడింది. అమ్మ రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు నిలబడి రాశిఫలాలు చదువుకునేది. అవి ఏప్రిల్ నెలవి. ‘‘ఏ నెలైతేనేం, మనకెప్పుడూ ధనవ్యయమేగా’’ అనేది. కుడివైపు అంచున గళ్ల నుడికట్టు ఉంది. మా ఆవిడ బడికి వెళ్తూ, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ ఎర్ర పెన్నుతో ఒక్కో మాట నింపేది. మా అబ్బాయి అడుగున ఒక రిమోట్ బొమ్మ గీసి, పైన ‘లోడింగ్’ అని రాశాడు. ఒక్క పైసా ఖర్చు లేకుండా, ఎవరూ ఛానల్ కోసం తగువు పడకుండా మా ఇంట్లో నడిచిన టీవీ ఏదైనా ఉందంటే అదే.

ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవం ఆఫర్లు మొదలయ్యాయి. శ్రావణమాసం, మంచిరోజు చూసుకుని బందరు రోడ్డులో ఒక షోరూముకి వెళ్లాం. లోపల ముప్ఫై టీవీలు, ముప్ఫైటిలోనూ ఒకటే చిలక. ఆ చిలక ఎగిరిపోగానే ఒక ఎర్రటి పండు మీద నీటిబొట్టు జారడం మొదలైంది. అది పండు పైనుంచి కిందికి వచ్చేసరికి నేను సగం మతి పోగొట్టుకున్నాను. షాపులో రంగులూ వెలుగూ ఆఖరి మెట్టు దాకా పెంచి పెడతారనీ, ఇంటికెళ్తే అంత ఉండదనీ మూడు నెలలు చదివినవాణ్ణే. చదువు చదువే, చిలక చిలకే.

సేల్స్ కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. అతనికి నేను పది నిమిషాలు ఓఎల్ఈడీ గురించి చెప్పాను. ఓపిగ్గా విని, అమ్మ వైపు తిరిగి, ‘‘మామ్మగారూ, మీరు ఏం చూస్తారు?’’ అన్నాడు. ‘‘పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరుమల భక్తి ఛానలే బాబూ’’ అంది అమ్మ. ‘‘ఓఎల్ఈడీ వద్దు సార్. రోజంతా ఒకే ఛానల్ అయితే మూల లోగో అచ్చు పడిపోయే ప్రమాదం ఉంది’’ అన్నాడు. నా మూడు నెలలకి అతని ఒక్క ప్రశ్న సమాధానం. నేను మాత్రం, ‘‘ఈ 65 పక్కన 55 కూడా ఒకటి ఆన్ చెయ్యి’’ అన్నాను. రెండూ పక్కపక్కన వెలిగాయి. 65 దగ్గర 55 అచ్చం మా తోడల్లుడిలా కనపడింది. బిల్లు వేయమన్నాను. 96 వేలు, నెలకి ఎనిమిది వేల చొప్పున పన్నెండు వాయిదాలు. వడ్డీ లేదన్నారు. ఉన్నది ప్రాసెసింగ్ ఫీజని మా ఆవిడ బిల్లు వెనక్కి తిప్పి చూపించింది.

అట్టపెట్టె వచ్చిన రోజు డెలివరీ కుర్రాళ్లు దాన్ని లిఫ్టులో నిలువుగా పెట్టబోయారు. ‘‘ఆగండి! పెట్టె మీద బాణం పైకి ఉంది. పక్కకి తిప్పకూడదు’’ అని అడ్డం పడ్డాను. పాపం, ఇద్దరూ దాన్ని శవంలా... కాదులెండి, శ్రావణమాసం... పల్లకీలా మోసుకుంటూ నాలుగు అంతస్తులు మెట్లెక్కారు. నేను ముందు నడుస్తూ ‘‘మెల్లిగా, మెల్లిగా’’ అని వేదం చదివాను. అమ్మ వాళ్లకి చెంబుడు మజ్జిగ ఇచ్చి నా వైపు చూసిన చూపుని నేను ఇప్పటికీ లిఫ్టెక్కినప్పుడల్లా తలుచుకుంటాను. మర్నాడు బిగించడానికి వచ్చినతను, ‘‘లిఫ్టులో వచ్చేది కద సార్, నాలుగు అంగుళాలు మెత్త ఉంది లోపల’’ అన్నాడు.

అసలు పరువు పోయింది ఆ సాయంత్రమే. మైదా జిగురు పేపర్లు పీకబోతే గోడ రంగు కూడా వాటితో పాటు వచ్చేస్తోంది. సరే, టీవీ వెనక కనపడదులే అని పేపరు మీదే బిగించమన్నాం. బిగించి అతను పక్కకి తప్పుకున్నాడు. టీవీ చిక్కిపోయింది. ఆరు వారాలుగా మేం చూస్తున్న గోడ మీది టీవీ కంటే ఇది చిన్నది. రెండువైపులా నాలుగేసి అంగుళాల పేపరు బయటికి కనపడుతోంది. కుడివైపు నుడికట్టు సగం టీవీ కింద, సగం బయట.

‘‘మోసం! 65 అని చెప్పి తక్కువది ఇచ్చారు!’’ అని ఫోను తీశాను. టేపు పెట్టి కొలిచాను. యాభై ఏడుకి కూడా కాస్త తక్కువే.

మా ఆవిడ మెల్లిగా నా చేతిలోంచి టేపు తీసుకుంది. కింద ఎడమ మూల నుంచి పై కుడి మూలకి ఐమూలగా లాగింది. సరిగ్గా 65. ‘‘టీవీని అడ్డంగా కొలవరండీ. కర్ణం కొలుస్తారు’’ అంది.

అమ్మ వంటింట్లోంచి, ‘‘కరణాల్ని ఎన్టీఆర్ తీసేశాడు కదే, ఇంకా కొలతలకి వాళ్లేనా?’’ అంది.

చెప్పుకుంటే సిగ్గుచేటు. క్వాంటమ్ డాట్ల దాకా వెళ్లినవాణ్ణి ఎనిమిదో తరగతి పైథాగరస్ దగ్గర దొరికిపోయాను. నేను 65ని అడ్డంగా కొలిచి అంటించిన కాగితం నిజానికి 75 అంగుళాల టీవీది. ‘‘నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావుగా, ముందే చెప్పొచ్చుగా?’’ అన్నాను. ‘‘చెబుదామనే అనుకున్నాను. 75 కూడా పడుతుందని తెలిస్తే నిజంగా అదే కొంటారని భయమేసింది’’ అంది. కాపురం పాతికేళ్లు చేసినవాళ్లకే ఆ తెలివి వస్తుంది.

అమ్మ టీవీ చట్రానికి నాలుగు మూలలా గంధం రాసి కుంకుమ బొట్లు పెట్టింది. మర్నాడు ఆగస్టు 15. కొత్త టీవీలో మొట్టమొదట చూసింది ఎర్రకోట మీద ప్రధానమంత్రి ప్రసంగం. అందులో ఆయన దీపావళికల్లా జీఎస్టీ సంస్కరణలు తెస్తామని ప్రకటించారు. మా ఆవిడ ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టింది. ‘‘టీవీల మీద కూడా తగ్గుతుందేమో?’’ అంది. నేను చట్నీ నంజుకుంటూ, ‘‘పిచ్చిదానా, 32 అంగుళాలు దాటితే 28 శాతం. విలాస వస్తువు కింద లెక్క. దానిమీద ఎవడు తగ్గిస్తాడు?’’ అని తీర్పు చెప్పాను.

సెప్టెంబరు 3 రాత్రి అదే టీవీలో, అదే 65 అంగుళాల వెడల్పున... క్షమించాలి, కర్ణాన... ఆ వార్త వచ్చింది. 22వ తేదీ నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగుతుందని. మా ఆవిడ దిద్దుతున్న పేపర్ల కట్ట మీంచి తలెత్తకుండానే, ‘‘96 వేలలో అసలు ధర 75 వేలు. దానిమీద 18 శాతం వేస్తే 88,500. నలభై రోజులు ఆగితే 7,500 మిగిలేవి’’ అంది. నోటిలెక్కే. 32 అంగుళాల టీవీలో ఆ వార్త ఇంత స్పష్టంగా కనపడేది కాదు.

ఇక కాపురం సంగతి. మా కేబులు పెట్టె పాతది. అది పంపే బొమ్మలో 720 అడ్డం, 576 నిలువు, నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. తెరలో ఉన్నవి 83 లక్షలు. సరిగ్గా ఒక్క చుక్క ఇరవై చుక్కల్ని పోషించాలి. ఒకడు సంపాదిస్తే ఇరవైమంది కూర్చుని తినే పాతకాలం ఉమ్మడి కుటుంబం. అందుకని వార్తలు చదివే అమ్మాయి మొహం పాకంలో నానినట్టు కనపడేది. కొత్త పెట్టె కొన్నాం. తెర అంత పలచన కాబట్టి స్పీకర్లు కిందివైపు ఉంటాయి. భీముడి ఒళ్లు, ఉత్తరకుమారుడి గొంతు. సౌండుబారు కొన్నాం. మధ్యాహ్నమైతే బాల్కనీలో ఆరేసిన బట్టలన్నీ తెరలో ఊగుతున్నాయి. మందపాటి కర్టెన్లు కొన్నాం. గోచీ కోసం పిల్లిని, పిల్లి కోసం ఆవుని పెంచుకున్న సన్యాసి కథ చిన్నప్పుడు విని నవ్వాను. ఆ సన్యాసికి వాయిదాలు లేవు, నయం.

ఒక ఆదివారం అందరం కూర్చుని ‘మాయాబజార్’ పెట్టుకున్నాం. అయిదు నిమిషాలు చూసి అమ్మ, ‘‘ఇదేంట్రా, మాయాబజారుని సీరియల్ తీశారా?’’ అంది. నిజంగానే సావిత్రి నడుస్తుంటే పక్క గదిలో నడిచినట్టుంది. సినిమాకి సెకనుకి 24 బొమ్మలు. ఈ టీవీకి అవి చాలవట. రెండు బొమ్మల మధ్య లేని బొమ్మల్ని తనే ఊహించి ఇరికిస్తుంది, అచ్చం పెళ్లిళ్ల పేరయ్య రెండు నిజాల మధ్య నాలుగు కల్పించినట్టు. అప్పుడు 1957 నాటి సినిమా కూడా డైలీ సీరియల్లా జారిపోతుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘సోప్ ఒపేరా ఎఫెక్ట్’ అంటారని నాకు తెలుసు. ఎలా ఆపాలో తెలియదు. సెట్టింగుల్లో దిగి గంటసేపు తిరిగాను. ఘటోత్కచుణ్ణి పచ్చగా, బలరాముణ్ణి నీలంగా మార్చగలిగాను. మా అబ్బాయి తన ఫోన్లోంచి తలెత్తి, రిమోట్ అందుకుని, మూడు నొక్కులు నొక్కి, మళ్లీ ఫోన్లోకి దిగిపోయాడు. సినిమా సినిమా అయింది.

వాడు ఆ టీవీ ఎదురుగా సోఫాలో వెల్లకిలా పడుకుని ఆరంగుళాల ఫోన్లో సినిమా చూస్తాడు. మా ఆవిడకి దిద్దాల్సిన పేపర్లు ఎప్పుడూ ఉంటాయి. నేను రాత్రి భోంచేసి కూర్చుని ఏం చూడాలో వెతకడం మొదలుపెడతాను. నలభై నిమిషాలు వెతికి, ఏదో ఒకటి పెట్టి, నిద్రపోతాను. కొంతసేపటికి ‘ఇంకా చూస్తున్నారా?’ అని అదే అడుగుతుంది. ఈ ఇంట్లో నన్ను అంత మర్యాదగా ఆ ఆరా తీసేది అదొక్కటే.

నిజంగా చూసేది అమ్మే. మధ్యాహ్నం శ్రీవారి కల్యాణోత్సవం వేళకి టీవీ ముందు చిన్న పీట వేసి పళ్లెంలో పూలు పెట్టుకుంటుంది. అంత పెద్ద తెర మీద వేంకటేశ్వరస్వామి నిలబడితే ఎదురుగా కాళ్లు చాపుకోవడానికి లేదు. ‘‘స్వామి ఉన్నాడ్రా, కాళ్లు తీయ్’’ అంటుంది. నేను 96 వేలు పోసి కొన్న టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నాను.

దసరాకి మా తోడల్లుడు సకుటుంబంగా అమ్మవారి దర్శనానికి వచ్చాడు. రైలు దిగినప్పటి నుంచీ నా గుండె దడదడ. లోపలికి రాగానే అతను సోఫాలో కూర్చునేలా, ఎదురుగా టీవీ వెలిగేలా, అందులో షోరూము చిలక ఎగిరేలా అన్నీ అమర్చాను. అతను చూశాడు. ‘‘బాగుంది అన్నయ్యా’’ అన్నాడు. ఆగాడు. ‘‘మేం టీవీ పెద్దగా చూడట్లేదు. ప్రొజెక్టరు కొన్నాం. 120.’’ చిలక ఎగిరిపోయింది. నేను పులిహోర తెస్తానని వంటింట్లోకి వెళ్లి, ఫిల్టరు కాఫీ తెచ్చాను. మా ఆవిడ మాత్రం, ‘‘120 కర్ణమా, అడ్డమా?’’ అని అతన్ని అడగడం నాకు వినపడింది. అతను జవాబు చెప్పలేదు. పాతికేళ్లలో ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

అక్టోబరు 28, మొంథా తుపాను తీరం దాటిన రాత్రి. గాలీ వానా, కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఒక లైటు, ఒక ఫ్యాను. టీవీ ప్లగ్గుకి ఆ కనెక్షన్ లేదు. ఇంటర్నెట్ కూడా పోయేసరికి మా అబ్బాయి లేచి కూర్చున్నాడు. అందరం అలవాటు కొద్దీ టీవీ వైపే తిరిగి కూర్చున్నాం. మా ఆవిడ ఎర్ర పెన్ను పట్టుకుని లేచి, టీవీ అంచున బయటికి మిగిలిన సగం నుడికట్టులో ఒక గడి నింపి వచ్చింది.

‘‘ఒరేయ్, అందరం టీవీలో పడ్డాం చూడు’’ అంది అమ్మ.

నిజమే. ఆరిపోయిన నల్లటి తెరలో నలుగురం కనపడుతున్నాం. ఇంకా పది వాయిదాలు కట్టాల్సిన ఆ టీవీలో మా ఇంట్లో అందరూ కళ్లార్పకుండా చూసిన మొదటి కార్యక్రమం అదే. నేను లుంగీ సర్దుకుని కాస్త పరీక్షగా చూశాను. అందరి బొమ్మలూ బాగానే ఉన్నాయి, నాది మాత్రం నడుము దగ్గర సాగినట్టుంది.

‘‘సెట్టింగుల్లో ఏదో తేడా ఉన్నట్టుంది. బొమ్మ అడ్డంగా సాగుతోంది’’ అన్నాను.

‘‘కరెంటు లేదండీ’’ అంది మా ఆవిడ. ‘‘అది సెట్టింగు కాదు. ఈసారి కర్ణం కూడా కాదు, నిజంగానే అడ్డకొలత.’’